అతికించిన మూత

రోహిణి కార్తె మొదలైన మూడో రోజు నా ఫోను వీపు లేచింది. పడమటి కిటికీ గూట్లో చార్జింగుకు పెట్టి మధ్యాహ్నం కునుకు తీశాను. లేచి చూస్తే వెనక గాజు ఒక అంచున గోరు పట్టేంత పైకి వచ్చి ఉంది. లోపల బ్యాటరీ ఉబ్బిందన్నమాట. ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పినవాణ్ని, ఉబ్బిన బ్యాటరీతో ఏం చెయ్యకూడదో తెలుసు. వైరు పీకి, స్విచ్చాఫ్ చేసి, పొద్దు వాలాక హన్మకొండ చౌరస్తా వెనక సందులో మా తమ్ముడి బిడ్డ నడుపుకునే రిపేరు దుకాణానికి పట్టుకుపోయాను.

నిజానికి బాగు చేయించుకుందామని పోలేదు. కొత్తది కొనాలని దారిలోనే ఖాయం చేసుకున్నాను. పాతది ఆమె చేతిలో పెట్టి, ఏది తీసుకుంటే బాగుంటుందో నాలుగు మాటలు మాట్లాడుకుందామని పోయాను. డెబ్బై దాటినా కొత్త వస్తువు డబ్బా మూత తీసేటప్పుడు, చిన్నప్పుడు దసరాకు కొత్త అంగీ తొడుక్కున్ననాటి సంబరమే నాకు. అది దాచుకోవలసిన సంగతని నేనెన్నడూ అనుకోలేదు. ఆమె పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసింది. ఉద్యోగానికి హైదరాబాద్ పోకుండా ఇక్కడే కౌంటరు పెట్టుకుంది. ఆ సాయంత్రం మా ఇద్దరికీ నడిచిన వాదన ఇది. ఆమె మాట నెగ్గినచోట కూడా ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

బిడ్డ: ఏంది పెద్దబాపూ, దీన్ని జేబుల పెట్టుకొని వచ్చినవా? ఒత్తుడు పడితే లోపట పొర చినిగి అంటుకుంటది.

నేను: జేబుల కాదు బిడ్డా, స్టీలు టిఫిను డబ్బల పెట్టుకొని వచ్చిన. దీని సంగతి ఇడిచిపెట్టు. కొత్తది తీసుకుందామనుకుంటున్న.

బిడ్డ: ఇది కొని ఎన్నేండ్లు?

నేను: రెండేండ్లు దాటింది.

బిడ్డ: బ్యాటరీ కాకుండ ఇంకేమన్న ఖరాబైందా?

నేను: లేదు.

బిడ్డ: మరి బ్యాటరీ ఏస్త, గంట పని. కొత్తది ఎందుకు?

నేను: చెప్పులు తెగితే చెప్పులు కొంటం. నేను ఫోను అట్ల కొనను. మనిషి కొత్తగ ఏం కనిపెట్టిండో చేతిల పట్టుకొని చూడాలె నాకు. మా ఇంటికి ట్రాన్సిస్టర్ వచ్చిననాడు నాకు పద్నాలుగేండ్లు. పరకాల అవుతల మా ఊర్ల అది రెండోది. దానికి ఏడాదికోసారి పోస్టాఫీసుల లైసెన్సు పైసలు కట్టాలె, చిన్న పుస్తకం ఇచ్చి ముద్ర కొడుతరు. రేడియో వినుటానికి లైసెన్సేందని ఇప్పటి పిల్లలు నమ్మరు గని, 1980ల నడుమ దాక అది ఉండె. బుధవారం రాత్రి సిలోన్ స్టేషన్ల బినాకా గీత్‌మాలా వస్తదంటే మా అరుగు మీద పదిహేను మంది. సముద్రం అవుతలి దేశం మా అరుగు మీద పాడుతున్నదని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. నేను ఫిజిక్స్ చదివింది దాని పుణ్యమే. కొత్త మిషిని చూస్తే ఇయ్యాల సుత నాకు ఆ రాత్రే యాదికొస్తది.

బిడ్డ: ఆ ట్రాన్సిస్టర్ ఎన్నేండ్లు నడిచింది?

నేను: పంతొమ్మిదేండ్లు.

బిడ్డ: దాన్ని ఎన్నిసార్లు ఇప్పినవు?

నేను: లెక్క లేదు.

బిడ్డ: మరి కొత్తదని ప్రేమించినవా, ఇప్పనిచ్చిందని ప్రేమించినవా?

ఈ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ ట్రాన్సిస్టర్ విషయంలో నాకు బాగా గుర్తున్నది దాని మొదటి పాట కాదు, అది మూగబోయిన రోజు. పక్కన ఒక దెబ్బ వేస్తే పాడేది, కింద పెడితే ఆగిపోయేది. వరంగల్ స్టేషన్ రోడ్డులో ఒక మెకానిక్ వెనక అట్ట తీసి, భూతద్దం నా చేతికిచ్చి, "చూడు పటేలా, ఆ కాలు చుట్టూ" అన్నాడు. చూశాను. ఒక కండెన్సర్ కాలు చుట్టూ సీసం మీద వెంట్రుకంత సన్నని గీత, గుండ్రంగా. డ్రై సోల్డర్ అంటారన్నాడు. కాలూ సీసమూ పక్కపక్కనే ఉన్నా ఒకదాన్నొకటి పట్టుకోలేదు. వేడి కడ్డీ ఆనించాడు. మసకగా ఉన్న సీసం ఒక్క క్షణం అద్దంలా మెరిసి, గీత మాయమైంది. పాట వచ్చింది. తర్వాత ముప్పై ఏళ్లలో ఎంతమంది పిల్లలకు ఆ గీత బోర్డు మీద గీసి చూపించానో.

నేను: రెండూ బిడ్డా. కొత్తది గాకపోతే ఇప్పాల్నని ఎందుకనిపిస్తది? సరే, ఇంకోటి చెప్త. 1979ల మా బావ దుబాయి నుంచి పానాసోనిక్ టేప్ రికార్డర్ తెచ్చిండు. అప్పుడు కరీంనగర్, నిజామాబాద్, మన దిక్కు గల్ఫుకు పోయినోళ్ల ప్రతి ఇంట్ల అదొక్కటన్న దిగుతుండె. అందరు సినిమా పాటలు పెట్టుకున్నరు. నేను ఖాళీ క్యాసెట్ ఏసి మా అమ్మతోని బతుకమ్మ పాట పాడిచ్చిన. రెండేండ్లకు ఆమె పోయింది. కొత్త మిషిని మీద ఆ పిచ్చి నాకు లేకపోతే, మీ నాయినమ్మ గొంతు నువ్వు విందువా?

బిడ్డ: విననుండె. నేను కాదంటలే. గని ఆ క్యాసెట్టు ఇప్పటికి పాడుతున్నదంటే ఎందుకు? ఆ మిషినికి నువ్వు మూడుసార్లు రబ్బరు బెల్టు మార్చినవు. ఒకసారి హెడ్డు మార్చినవు. కోఠి గుజరాతీ గల్లీకి పోయి తెచ్చినవని మా బాపు ఇప్పటికీ చెప్తడు. నాయినమ్మ గొంతును పట్టుకున్నది కొత్త మిషిని, ఒప్పుకుంట. దాన్ని నా దాక తెచ్చింది మాత్రం ఆ బెల్టు.

ఆమె మాట్లాడుతూనే పని మొదలుపెట్టింది. మామూలుగా అయితే హీట్ మ్యాట్ మీద పెట్టి జిగురు కరిగిస్తారట. ఉబ్బినదానికి వేడి తగలనివ్వొద్దని సూదిలేని సిరంజితో అంచు వెంట ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కలు వదిలింది. పలుచని ప్లాస్టిక్ రేకు దూర్చి, బొటనవేలితో నెమ్మదిగా, మామిడికాయ తొక్క తీసినట్టు చుట్టూ తిప్పింది. గాజు ఊడివచ్చింది. దాని లోపలి అంచున నల్లటి జిగురు దారాలు సాగాయి.

బిడ్డ: చూసినవా? మీ కాలంల చాన సెట్లకు ఎనుక అట్ట తీస్తే లోపట సర్క్యూట్ బొమ్మ అతికిచ్చి ఉంటుండె. ఎక్కడ ఏముందో చూసుకో, బాగు చేసుకో అని. అప్పుడు లోపట బొమ్మ అతికిచ్చిన్రు, ఇప్పుడు మూతనే అతికిస్తున్నరు. మా తరానికి నచ్చినా నచ్చకున్నా దొరికింది ఇదే. నువ్వు మాత్రం రెండూ చూసినోనివి. నువ్వన్న అడుగవేంది పెద్దబాపూ?

నేను: కోపానికి అతికిచ్చిన్రా? మొన్నటి మేడారం జాతరల ఈ ఫోను జంపన్నవాగుల పడ్డది. తీసి కండువతోని తుడిచి జేబుల పెట్టుకున్న. ఏం కాలే. ఆ జిగురు లేకపోతే ఆన్నే పోవు. సన్నగ కావాలె, తేలికగ కావాలె, నీళ్లు దూరొద్దు అని అడిగింది మనమే కదా.

బిడ్డ: చేతి గడియారాలల నీళ్లు దూరకుండ యాభై ఏండ్ల కిందనే చేసిన్రు. రబ్బరు రింగు పెట్టి స్క్రూలు బిగిచ్చిన్రు. తీయొచ్చు, మళ్ల పెట్టొచ్చు. ఫోనుకు స్క్రూ పెడితే అరమిల్లీమీటరు లావైతదేమో. ఆ అరమిల్లీమీటరు వద్దని నువ్వు అడిగినవా? నిన్ను ఎవలన్న అడిగిన్రా?

అరమిల్లీమీటరు అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఎన్ని ఫోన్లు కొన్నానో, మందం ఎంతని ఎన్నడూ దుకాణదారును అడగలేదు. అసలు నేను అడిగినవి ఏమిటి? కెమెరా, మెమరీ, వేగం. అవన్నీ కంపెనీవాళ్లు డబ్బా మీద ముందే అచ్చు వేసినవి. వాళ్లు రాసిన ప్రశ్నలనే నేను అడుగుతూ వచ్చానని ఆ క్షణంలో తోచింది.

బ్యాటరీ బయటికి వచ్చింది. నల్లటి పలక, పూరీలాగా పొంగింది. ఆమె దాన్ని వేళ్లతో నొక్కకుండా అంచులు పట్టి ఎత్తి, వాకిట్లో ఉన్న ఇసుక బకెట్లో పెట్టివచ్చింది.

బిడ్డ: కిటికీ గూట్ల పెట్టి నూరు శాతం నింపుతవు, రాత్రంత వైరు పెట్టే ఉంచుతవు. మన ఊర్ల మేల ఎండ 44, 45 డిగ్రీలు. ఈ తీరు బ్యాటరీని 40 డిగ్రీల వేడిల నిండు చార్జింగుతోని ఏడాది ఉంచితే మూడోవంతు శక్తి పోతది. సగం కంటె తక్కువ నింపి ఉంచితే పోయేది దాంట్ల సగం సుత ఉండది. కొత్త ఫోను కొంటె ఆ కిటికీ మారదు కదా.

నేను: దాని గురించి నాకు చెప్తున్నవా? లిథియం అయాన్లు గ్రాఫైటు పొరలల్ల దూరుడు, చార్జింగు దిగుతుంటె మళ్ల కోబాల్టు ఆక్సైడు దిక్కు ఉరుకుడు, అదే కదా కథంత. 1991ల సోనీ తొలుత అమ్మింది. 2019ల దానికే కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చిన్రు, విటింగ్‌హామ్, గుడ్‌ఇనఫ్, యోషినో ముగ్గురికి. గుడ్‌ఇనఫ్‌కు అప్పుడు 97 ఏండ్లు. నోబెల్ అందుకున్నోళ్లల్ల అంత పెద్దమనిషి ఇంకొకలు లేరు. అప్పటికీ ఆయన ప్రయోగశాలకు పోతనే ఉన్నడు, ఇంతకంటె మంచి బ్యాటరీ చేస్తనని. ఉన్నదానితోని సరిపెట్టుకుంటె ఆయన యాభై ఏండ్ల కిందనే పని ఆపుతుండె. నేను కొత్తదాని దిక్కు మాట్లాడుతున్ననంటే ఆయన దిక్కు మాట్లాడుతున్న.

బిడ్డ: ఆయన మంచి బ్యాటరీ చెయ్యాలనుకున్నడు. బ్యాటరీ పోతే ఫోను పారెయ్యాలని ఆయనెన్నడు అనలే.

అంతలో ఇద్దరు ముగ్గురు గిరాకీలు వచ్చి పోయారు. ఒకాయన ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిన రైతు. అవతలివాళ్ల మాట వినబడట్లేదని ఫోను ఇచ్చాడు. ఆమె ముక్కుకు చున్నీ కట్టుకుని స్పీకరు జాలిని బ్రష్షుతో దులిపింది. ఎర్రటి పొడి రాలింది. దుకాణంలో అందరం తుమ్మాం. ఇంకొకామె కొత్తవాడ నుంచి, ఇంట్లో జంపఖానాల మగ్గం ఉందట. మన వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి చాలామందికి తెలుసు, ఆ నూలు దుమ్ము ఫోనుల్ని ఏం చేస్తుందో తెలిసినవాళ్లు తక్కువ. చార్జింగు ఎక్కట్లేదు, పిన్ను పోయింది, కొత్త ఫోను కొనాలేమో అంది ఆమె. బిడ్డ సూది లాంటి పనిముట్టుతో టైప్-సి రంధ్రంలోంచి బూడిదరంగు దూది ఉండ ఒకటి లాగింది, చిటికెన వేలి గోరంత. చార్జింగు ఎక్కింది. పైసలు తీసుకోలేదు.

బిడ్డ: ఆమె నా దగ్గరికి రాకుండ ఇంకో దిక్కు పోతే, కొత్త ఫోనుకు ఈఎంఐ రాయిచ్చి పంపుదురు. దూది ఉండకు పన్నెండు నెలల ఈఎంఐ. నాకు కోపమొచ్చేది ఈడ.

నేను: దానికి మిషినిది ఏం తప్పు?

బిడ్డ: మిషినిది కాదు. ఖరాబైతె కొనుడే దారి అని మనుషులకు నేర్పిన్రు చూడు, అది తప్పు. డిస్‌ప్లే పగిలితే కొత్తదాని ధర ఫోను ధరల మూడోవంతు నుంచి సగం దాక పోతది. ఒరిజినల్ దొరకది, దొరికితే పిరం. కొన్ని ఫోన్లకైతే అదే కంపెనీ, అదే మోడల్, ఇంకో ఫోన్ల నుంచి తీసిన అసలు డిస్‌ప్లే ఏసినా, ఇది నాది కాదని తెర మీద రాస్తది. ఒక్కొక్క భాగానికి నంబరు కట్టేసిన్రు. నేను చేతులార మంచిగ అతికిచ్చినా గిరాకీ నన్నే అనుమానంగ చూస్తడు.

దీనికి నా దగ్గర వాదన లేదు. మరమ్మతు చేసినవాడి ఇజ్జత్ తీసే ఏర్పాటు అది. స్టేషన్ రోడ్డు మెకానిక్ నాకు భూతద్దం ఇచ్చినప్పుడు, ఆ ట్రాన్సిస్టర్ ఆయన్ని దొంగ అనలేదు.

అయినా నేను పట్టు విడవలేదు. ఎందుకంటే నా మనసులో ఉన్న అసలు మాట ఇంకా చెప్పలేదు.

నేను: మీ పెద్దమ్మ ముచ్చట ఎరుకే కదా. నాలుగేండ్ల నుంచి ఆమెకు వినబడుడు తగ్గింది. పెండ్లికి పోతే మూలకు కూసుంటది. నలుగురు నవ్వితే ఆలస్యంగ తానూ నవ్వుతది. మాటలను అక్షరాలు చేసి తెర మీద చూపే యాప్ ఉన్నదని ఎక్కడో చదివి, దానిల తెలుగు సుత ఉన్నదని తెలిసి, ఫోను ఆమె ముంగట పెట్టిన. మనుమడు ఆమె తనకు పైసలియ్యలేదని తడబడుకుంట చెప్తున్నడు. తెర మీద ఒక్కొక్క మాట వస్తున్నది. ఆమె వేలు పెట్టి చదువుకుంట పోయింది. చదివినంక వాని దిక్కు చూసి, "పచ్చి అబద్ధం, నిన్ననే కదరా నా దగ్గర పది రూపాయలు తీసుకున్నవు" అన్నది. ఏండ్ల తర్వాత ఆమె ఒకల మాటకు ఎదురు మాట చెప్పింది బిడ్డా. 2024ల ఆపిల్ వాళ్లు చెవుల పెట్టుకునే ఇయర్‌బడ్సుకే వినికిడి యంత్రం పని నేర్పిన్రు, అమెరికా ఎఫ్‌డీఏ సుత ఒప్పుకున్నది. చెవి మిషిని పెట్టుకోమంటే నామోషీ అనేటోళ్లు అవి పెట్టుకుంటె ఎవలూ ఏమనరు. ఇసొంటివి రావద్దా? నేను దినాం వెతికేది ఇసొంటి దాని కోసమే. పది వస్తువులు చూస్తే ఒకటి ఇట్ల దొరుకుతది. మిగిలిన తొమ్మిది చూడకుండ ఆ ఒకటి ఎట్ల దొరుకుతది?

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. కొత్త బ్యాటరీ కింద అతికే పట్టీ వేసి, కనెక్టరు నొక్కింది. టిక్కుమని చిన్న శబ్దం.

బిడ్డ: పెద్దమ్మ కోసం ఏది కొన్నా నేను అడ్డం రాను. గని ఆ యాప్ ఈ ఫోన్లనే కదా నడిచింది?

నేను: దీంట్లనే.

బిడ్డ: దీనికంటె నాలుగేండ్లు పాత ఫోన్ల సుత నడుస్తది. నా దగ్గర ఉన్నది, చూపిస్త. ఆ మంచితనం ఫోను పుట్టినంక వచ్చింది, సాఫ్ట్‌వేర్ల వచ్చింది. అంటే ఫోను బతికుంటె కొత్తవి దానికే వస్తుంటయి. చంపితె రావు.

నేను: తొలుత కొన్నోళ్లు లేకపోతే ఏ వస్తువన్న చౌకైతదా? 1995ల మన దేశంల సెల్‌ఫోను మొదలైనప్పుడు నిమిషానికి పదహారు రూపాయల దాక తీసుకున్నరు, వచ్చిన ఫోనుకు సుత పైసలే. అప్పుడు కొన్నోళ్లను అందరు పైసలెక్కువైనోళ్లు అన్నరు. వాళ్లు మోసిన బరువు మీదనే ఇయ్యాల మిర్చి రైతు చేతిల ఫోను ఉన్నది. ఆశపడి ముందుగ కొనేటోడు పెట్టుబడి పెట్టినట్టే. నా పాతయి నేను పారెయ్యను కదా, ఒకటి మీ బాపుకు, ఒకటి పాలాయనకు ఇచ్చిన.

బిడ్డ: పాలాయనకు ఇచ్చినది పోయిన నెల నా దగ్గరికి వచ్చింది. ఫోను మంచిగనే ఉన్నది. పైసలు పంపే యాప్ మాత్రం, ఈ ఆండ్రాయిడ్ పాతది నేను నడువ అంటున్నది. కంపెనీ అప్‌డేట్లు ఆపింది. పాలాయన ఖాతా పుస్తకం పట్టుకొని మళ్ల బ్యాంకుల లైన్ల నిలబడ్డడు. నువ్వు ఇచ్చినది దానమే, గని గడువు తీరినంక ఇచ్చినవు.

నేను: ఇప్పుడు మారుతున్నది. గూగుల్ వాళ్లు 2023ల పిక్సెల్ 8కు ఏడేండ్లు అప్‌డేట్లు ఇస్తమన్నరు, 2024ల సామ్‌సంగ్ వాళ్లు ఎస్24కు అదే మాట చెప్పిన్రు. అందుకే ఈసారి అసొంటిది తీసుకుందామనుకుంటున్న.

బిడ్డ: మంచిదే. ఏడేండ్ల సాఫ్ట్‌వేరు ఇచ్చి, మూడేండ్లకు పోయే బ్యాటరీని జిగురుతోని అతికిస్తె? ఐరోపల 2027 ఫిబ్రవరి నుంచి ఫోను బ్యాటరీ కొన్నోడే మార్చుకునేటట్టు ఉండాల్నని చట్టం చేసిన్రు. అన్నిటికీ ఒకటే టైప్-సి చార్జరని 2024 డిసెంబరు నుంచి పెట్టినట్టు. ఫ్రాన్సుల 2021లనే ఏ ఫోను ఎంత సులువుగ బాగైతదో మార్కులు ఏసుడు మొదలుపెట్టిన్రు. మన దగ్గర సుత 2022 డిసెంబరుల రిపేరు హక్కు పోర్టల్ తెరిచిన్రు, అసొంటి మార్కుల కోసం ఏసిన కమిటీ 2025 మేల నివేదిక ఇచ్చింది. నువ్వు కెమెరాకు ఎన్ని మెగాపిక్సెళ్లో నోటికి చెప్తవు. ఈ మార్కులు ఎప్పుడన్న అడిగినవా?

నేను: అడుగలే.

ఇక్కడ ఒక ముచ్చట పక్కకు పోయి చెప్పాలి. నేను ఫోనులో వేళ్లతో కొట్టను, మాట్లాడి రాయిస్తాను. 2017లో తెలుగుకు ఆ సౌకర్యం వచ్చిన రోజు నాకు పండుగే. ఈ వ్యాసం సగం అట్లా రాయించినదే. ఆమె దాన్ని కూడా వదల్లేదు.

బిడ్డ: అది నువ్వన్నట్టు రాస్తదా పెద్దబాపూ?

నేను: శానవరకు రాస్తది. "పోతున్న" అంటే "పోతున్నాను" అని, "గట్ల" అంటే "గట్టు" అని...

బిడ్డ: కాళోజీ తిరిగిన ఊరు ఇది. మన నోటి మాటకు తలవంపు ఏందని బతుకంత కొట్లాడిన మనిషి పుట్టినరోజే మన తెలంగాణ భాషా దినోత్సవం. నువ్వు కొన్న మిషిని నీ మాటను దిద్దుతున్నది, నువ్వు ఊకుంటున్నవు.

నేను: ఊకుంటలేను. ప్రతిసారి వెనకకు పోయి నా మాటనే మళ్ల పెడుతున్న. ఎంతమంది అట్ల పెడితే దానికి అంత తొందరగ మన మాట ఎరుకైతదని నా ఆశ. వాడకుండ దూరం కూసుంటె అది ఎన్నటికీ నేర్చుకోదు. ఈ ఒక్కదాంట్ల నేను చెప్పేదే నిజం బిడ్డా.

ఆమె నవ్వి ఒప్పుకుంది. మెలిక పెట్టకుండా ఒప్పుకున్నది ఈ ఒక్కటే.

గాజు వెనకకు కొత్త పట్టీ వేసి, క్లిప్పులు బిగించింది. రేపటిదాకా నీళ్లు తగలనివ్వొద్దు, ఇక ముందు కూడా వాగుల్లో దింపొద్దు, కంపెనీ వేసినంత బిగువు నా చేతితో రాదు అని ఉన్నమాట చెప్పింది. ఫోను వెలిగింది. నేను లేవబోతుంటే మళ్లీ కూర్చోబెట్టింది.

బిడ్డ: మీ బీరువ అడుగు సొరుగుల ఏమున్నయో చెప్పు.

నేను: చార్జర్లు. పదిహేడు. సన్న పిన్నువి, పెద్ద పిన్నువి, మినీ, మైక్రో. రెండు డెడ్ ఫోన్లు, ఒక పామ్‌టాప్, ఒక ఎంపీ3 ప్లేయరు, పట్టీ తెగిన స్మార్ట్ వాచీ రెండు. ట్రాన్సిస్టర్ సుత ఆన్నే ఉన్నది.

బిడ్డ: పదిహేడిట్ల ఇయ్యాల పనికొచ్చేటివి?

నేను: మూడో, నాలుగో.

బిడ్డ: ఆ ఎంపీ3 ప్లేయర్ల, వాచీలల్ల బ్యాటరీలున్నయి. అవి సుత లోపట ఉబ్బుతుంటయి, బట్టల బీరువల. ఇప్పుడు ఇసుకల పెట్టినదాన్ని నేను డబ్బల ఏసి, నిండినంక లైసెన్సు ఉన్న రీసైక్లింగోళ్లకు హైదరాబాద్ పంపుత. పాత ఇనుపసామానుకు ఏస్తె ఎవడో ఊరవుతల వైర్లు కాల్చి రాగి తీస్తడు, ఆ పొగ పిల్లలు పీలుస్తరు. 2022 నిబంధనల ప్రకారం అమ్మిన కంపెనీలదే బాధ్యత, ఈ-వేస్టుకైనా బ్యాటరీలకైనా. మనం తీసుకపోయి అడుగకపోతే వాళ్లు వచ్చి తీసుకపోతరా?

నేను: ఆదివారం నేను నక్కలగుట్ట షోరూముకు పోత. కొంటనో కొననో ఇప్పుడు చెప్పను. చూస్త మాత్రం. చూసుడు మానుమంటే నాతోని కాదు.

బిడ్డ: చూడొద్దని నేను అన్ననా? నేను సుత వస్త. నాకు సుత కొత్త ఫోను లోపట ఎట్ల కట్టిన్రో చూడాల్ననే ఉంటది. గని మూడు మాటలు నువ్వే అడుగాలె. బ్యాటరీ మార్చుటానికి ఎంత తీసుకుంటరు. ఈ మోడలుకు సామాను ఎన్నేండ్లు దొరుకుతది. ఈ సంచి తీసుకుంటరా, తీసుకోరా.

నేను: ఏ సంచి?

బిడ్డ: నువ్వు రాత్రికి నింపే సంచి.

ఇంటికి వచ్చి సొరుగు లాగాను. చార్జర్ల వైర్లు ఒకదాంతో ఒకటి ముడిపడి, పట్టుకుంటే అన్నీ కలిసే వచ్చాయి. చార్జర్లలో నాలుగు, పని చేసేవి, పక్కన పెట్టాను. మిగిలినవి జనపనార సంచిలో వేశాను. ఎంపీ3 ప్లేయరు వీపు నిజంగానే కొంచెం లేచి ఉంది. దాన్ని, వాచీలను టిఫిను డబ్బాలో వేరుగా పెట్టి వరండాలో ఉంచాను. మా ఇంటావిడ వచ్చి నిలబడి, ఏం చేస్తున్నావని అడిగింది. ఫోను తెరిచి, యాప్ పెట్టి, సంగతంతా చెప్పాను. వేలు పెట్టి చదివింది. "ఆ ట్రాన్సిస్టర్ సంచిల ఏసినవా?" అంది.

వెయ్యలేదు. చేతిలోనే ఉంది. వెనక అట్ట తీసి చూశాను. లోపలి వైపు అతికించిన సర్క్యూట్ బొమ్మ పసుపుపచ్చగా మారి, ఒక మూల పురుగు తిన్నది. ఆ కండెన్సర్ దగ్గర నేను పెన్సిల్‌తో పెట్టిన గుండ్రటి గుర్తు ఇంకా ఉంది. అట్టను మళ్లీ పెట్టి బిగించబోతే మూడు స్క్రూల్లో రెండే మిగిలాయి. మూడోది ఆదివారం షోరూముకు పోయేముందు, ఆమె దుకాణంలోని స్క్రూల డబ్బాలో వెతకాలి.